దిక్సూచిలో దప్పిక

మా ఎమ్మిగనూరు నుంచి సముద్రం ఎటు పోయినా దూరమే. తూర్పుకు బయల్దేరినా, పడమటికి బయల్దేరినా ఒక రోజు ప్రయాణం. మధ్యలో మేము, మా ఎండలు, వచ్చినప్పుడే వచ్చినట్టు లెక్కయిన కొళాయి నీళ్ళు. అలాంటి ఊళ్ళో కూర్చుని పాత ఆవిరి ఓడల ఇత్తడి సామాన్లు పోగు చేస్తానంటే నవ్వనివాళ్ళు లేరు. మా ఆవిడ మొదట్లో నవ్వేది, తర్వాత మానేసింది. ఇంటికి ఎవరొచ్చినా మాత్రం వాళ్ళకు మంచినీళ్ళు ఇస్తూ, "తాగేకి నీళ్ళు లేని ఊర్లో ఈయనకు ఓడలు కావాల్నంట" అని ఒక మాట అనకుండా గ్లాసు కింద పెట్టదు.

నాది బోరు మోటార్ల విడిభాగాల అంగడి. బేరింగులు, బుష్షులు, వాషర్లు, ఆయిల్ సీళ్ళు. సరుకు కోసం వారం వారం ఆదోనికి పోవడం, పోయినప్పుడల్లా అక్కడి పాత సామాన్ల అంగట్లో ఒక గంట కూర్చోవడం అలవాటు. బొంబాయి వైపు విరగ్గొట్టిన ఓడల ఇత్తడి, ముక్కలు ముక్కలుగా లారీల్లో వచ్చి ఆ అంగట్లో పడేది. అక్కడి నుంచి కొలిమికి పోయి బిందెలుగానో గంటలుగానో మారేది. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని పెద్దలన్నారు గానీ, మా ఆదోనిలో ఓడలు బిందెలయ్యేవి.

ఆ కుప్పలో నాకు మొదట దొరికింది అర్ధచంద్రాకారపు పలక. మధ్యలో ఒక లోలకం వేలాడుతూ ఉంటుంది. అలలకు ఓడ ఎటువైపు ఎంత వంగిందో చూపించే సాధనమని తర్వాత తెలిసింది. తూకానికి కొని తెచ్చి అంగట్లో గోడకు తగిలించాను. అంగడి ఎప్పుడూ వంగలేదు కాబట్టి లోలకం ఎప్పుడూ నిటారుగానే ఉంది. వంగిపోయింది నేను. ఆ రోజు నుంచి పాత సామాన్ల భాయ్ నన్ను చూడగానే, "ఆవో భాయ్, నీ ఓడొచ్చింది" అనేవాడు. దుర్భిణి ఒకటి కొన్నాను, పటాల మీద దారి గీసే జంట కొలబద్దలు కొన్నాను. ఒకసారి ఎంతో ఆశపడి, సూర్యుడి ఎత్తును కొలిచి నడిసముద్రంలో తామెక్కడున్నామో లెక్క కట్టే సెక్స్టంట్ అనే సాధనం కొన్నాను. చూస్తే వందేళ్ళ ముసలిదానిలా నల్లబడి ఉంది. నేను ఊళ్ళో లేనప్పుడు మా ఆవిడ పండక్కని చింతపండు పెట్టి తోమితే, ఆ వందేళ్ళూ ఒక్క పూటలో పోయాయి. నిన్న మొన్న తయారు చేసి, ఆసిడ్ పూసి ముసలిదాన్ని చేసిన సరుకది. మా ఆవిడ దాన్ని ఎండలో ఆరబెట్టి ఏమీ అనకుండా లోపలికి పోయింది. అనివుంటేనే బాగుండేది.

ఎందుకీ పిచ్చి అని చాలామంది అడుగుతారు. మా సీమలో ఎవరూ దారి తప్పరు. ఎక్కడ నిలబడినా ఆదోని కొండలు కనిపిస్తూనే ఉంటాయి. చుట్టూ ఏమీ కనిపించని నీళ్ళలో, తామెక్కడున్నామో తెలుసుకోవడానికి ఇంత జాగ్రత్తగా ఇత్తడిని చెక్కుకున్న మనుషులంటే నాకు గౌరవం. అంతే అనుకుంటాను. కొంత ఆశ కూడా. వస్తువు మీద ఆశ పుడితే దానికి కారణాలు తర్వాత వెతుక్కుంటాం.

ఒక రోజు మోటారు సీలు కోసం గోనెగండ్ల అవతలి పల్లె నుంచి ఒకతను వచ్చాడు. కొంచెం మెట్ట చేను, అందులో సగం కాలం పనిచేసే బోరు, మిగతా కాలం కూలి. సీలు తీసుకుని వెళ్ళకుండా గోడ మీది పలకను చూస్తూ నిలబడ్డాడు.

"ఇదేందన్నా?"

చెప్పాను. ఓడ అనగానే అతని ముఖంలో ఏదో కదిలింది.

"మా ఇంట్లో గూడా ఒకటుండాదన్నా, ఇత్తడి పెట్టె. మా అమ్మోళ్ళ నాయనది. ఓడలో బొగ్గేసేటోడంట. పెట్టెలో నీళ్ళుంటాయి, నీళ్ళలో రేకు తేల్తాంటాది. ఎట్ల తిప్పినా అది మాత్రం ఒగే పక్క చూస్తాంటాది."

ఆ రోజు అంగడి మధ్యాహ్నమే మూసేశాను. అతని బండి వెనకాలే నా బండి.

అతని తల్లి వాకిట్లో పత్తి కాయలు ఒలుస్తూ ఉంది. బాగా పెద్దావిడ, ఎముకలు గట్టిగా ఉన్న మనిషి. నేను వచ్చిన పని కొడుకు చెబితే నన్ను కిందికీ పైకీ చూసింది. పండగకు తప్ప ఆ పెట్టె గుడ్డ విప్పరని చెప్పింది. అయినా అంత దూరం పడి వచ్చినవాణ్ణి కాదనలేక, చేతులు కడుక్కుని, గోడ గూట్లో నుంచి తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. పసుపు అద్దిన కొత్త పంచె ముక్కలో చుట్టి ఉంది.

అది ఓడ పక్కన వేలాడదీసే చిన్న పడవల్లో ఉంచే దిక్సూచి. పెద్ద ఓడ మునిగితే పడవలోకి దూకినవాళ్ళకు దిక్కు చూపించేది. ఇత్తడి పెట్టె, పక్కన బుడ్డి దీపానికి చిన్న అర, లోపల రెండు వలయాల మధ్య ఊగుతూ ఒక గిన్నె. గిన్నెకు గాజు మూత, లోపల ద్రవం, ద్రవంలో దిక్కులు రాసిన చక్రం. చక్రం టీ నీళ్ళ రంగుకు వచ్చింది గానీ పెట్టెకు మచ్చుకైనా ఒక సొట్ట లేదు.  కొలిమి దాకా పోయిన ఓడల నుంచి ఇలాంటిది చెక్కుచెదరకుండా బయటపడటం నేను అంతవరకు చూడలేదు.

గాజు కింద రూపాయి బిళ్ళంత గాలి బుడగ ఒకటి అటూ ఇటూ జరుగుతోంది. నేను దాన్నే చూడటం ఆమె గమనించింది.

"అది మా నాయన దప్పిక" అంది.

తర్వాత ఆమె చెప్పిన సంగతి ఇది. ఆమె తండ్రి బొంబాయి పోయి ఓడల్లో బొగ్గు వేసే పనిలో చేరాడు. ఇంటికి రావడం ఎప్పుడో ఒకసారి. ఆమెకు ఊహ తెలిసిన తర్వాత తండ్రి ఇంట్లో ఉన్నది చాలా కొద్దికాలం. చివరిసారి వచ్చినప్పుడు ఈ పెట్టె తెచ్చాడు. దాంట్లో ద్రవం తగ్గితే సారాయి పోయాలని అతనికి ఓడవాళ్ళు నేర్పారట. అది నిజమే. ఆ కాలంలో దిక్సూచి గిన్నెల్లో నీళ్ళూ ఆల్కహాలూ కలిపే పోసేవాళ్ళు. అందుకని ఆయన పండగపూట సీసా తెరిస్తే, పెట్టెకో గుక్క, తనకో గుక్క. కూతురు పక్కన కూర్చుని గిన్నె పట్టుకునేది. ఊపిరితిత్తుల్లో బొగ్గు పేరుకుని ఆయన మంచం పట్టాడు. పోయే రోజు ఒక్క గుక్క పోయమని అడిగాడట. ఇంట్లో ఆడవాళ్ళు వద్దన్నారు. ఈ పిల్ల గ్లాసులో పోసుకుని పోతే, గడప దగ్గరే ఎవరో గ్లాసు లాక్కున్నారు. ఆయన ఆమె వైపు చూస్తూనే పోయాడు.

అప్పటి నుంచి ప్రతి ఏడాదీ పెద్దల అమావాస్యకు, చనిపోయినవాళ్ళకు కూడు పెట్టే రోజున, ఆమె ఆ గిన్నెలో ఒక గుక్క పోస్తుంది. పోసినప్పుడు బుడగ పెసరగింజంతకు తగ్గుతుంది. ఏడాది తిరిగేసరికి మళ్ళీ రూపాయి బిళ్ళంత అవుతుంది. అంటే తండ్రి తాగాడన్నమాట. మళ్ళీ దప్పిక అయిందన్నమాట. ఒక్కతే కూతురు కాబట్టి పెళ్ళి చేసుకున్నవాడు ఇల్లరికం వచ్చాడు, ఇల్లు మారలేదు, గూడు మారలేదు. సారాయి దొరకని కాలం వచ్చాక బ్రాందీ పోస్తోంది. ద్రవం రంగు మారింది అందుకే.

అదంతా విని నేను అడిగిన మాటేమిటో తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"అవ్వా, ఇది నాకిస్తావా? బాగా చూసుకుంటా."

ఆమెకు కోపం రాలేదు. "నీ నాయన్ని నువ్విస్తావా అప్పా?" అని అడిగింది. పెట్టెను మళ్ళీ గుడ్డలో చుట్టింది.

నోరు మూసుకున్నాను గానీ ఆశ మూసుకోలేదు. ఆ తర్వాత ఆ పల్లెకు నాకు బోలెడు పనులు పుట్టుకొచ్చాయి. వాళ్ళ బోరు మోటారు ఎలా ఉందో చూడటానికి, సీలు నేనే బిగించి రావడానికి, ఆ దారిన పోతూ ఊరికే పలకరించడానికి. ఉట్టి కింద పిల్లిలా తిరిగాను. ఆమెకు తెలియదా, తెలుసు. పోయినప్పుడల్లా రొట్టె పెట్టేది, గూటి వైపు నా చూపు పోగానే నవ్వేది. అలా ఏళ్ళు గడిచాయి. నేను ఆ పెట్టె కోసం పోతున్నానో, ఆమె రొట్టె కోసం పోతున్నానో నాకే తెలియకుండా పోయింది. ఆమె మాట్లాడుతుంటే వినడం బాగుండేది.

రెండు పంట కాలాలు వరసగా వానలు ఎగ్గొట్టిన ఏడు, పత్తి మోకాలెత్తులోనే మాడిపోయింది. మా వైపు పల్లెలన్నీ మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు మూటలు కట్టాయి. సుగ్గికి పోవడం అంటాం దాన్ని. ప్రతి ఏడూ పోయేవాళ్ళు ఉన్నారు గానీ ఆ ఏడు ముసలీ ముతకా కూడా పోయారు. ఆమె కొడుకు కూడా భార్యతో పోతూ, అక్కడ వంట చేసి పెట్టడానికి తల్లిని వెంట తీసుకుపోదామనుకున్నాడు. ఇంటికి తాళం పడితే గూట్లో ఇత్తడి ఏమవుతుందో ఎవరు చెప్పగలరు.

ఒక పొద్దున ఆమె పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో మా అంగడికి వచ్చింది. అంత దూరం ఎవరి చేతికీ ఇవ్వలేదని కొడుకు చెప్పాడు.

"మేం వచ్చేదాంక మా నాయన నీ తావుంటాడప్పా. నువ్వయితే బాగా చూసుకుంటావు. నాకు తెల్సు" అంది.

రెండు చేతులా తీసుకున్నాను. ఆ క్షణంలో నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆవిడ, "ఆ యవ్వ పెట్టె ఇస్తాంటే మీరు పెండ్లికొడుకు లెక్క నిలబడినారు" అంది.

కొన్నాళ్ళు అలాగే చూసుకున్నాను. గుడ్డ విప్పడం, చూడటం, మళ్ళీ చుట్టడం. బుడగ రోజురోజుకూ పెరుగుతున్నట్టు అనిపించింది. ఎండలు మొదలయ్యాయి, పెరగకేం చేస్తుంది. ఒక రోజు వేలితో తడిమి చూస్తే, ద్రవం పోసే చోట బిగించే మర దగ్గర చెమ్మ తగిలింది. లోపలి తోలు వాషరు ఎండి, చిట్లి, పీచులా అయిపోయింది.

నా బతుకంతా కారేవాటిని ఆపడమే. నీటి చుక్క కారిపోతుంటే చూస్తూ ఊరుకోవడం మా దగ్గర పాపం. పక్కింటి కొళాయి కారుతున్నా నేను పోయి బిగించి వస్తాను. అలాంటిది, నా ఇంట్లో, నేను అంతగా ఆశపడ్డ వస్తువు కారుతుంటే చెయ్యి ఊరుకుంటుందా? రబ్బరు షీటు తీసి వాషరు కోయడం మొదలుపెట్టాను.

"అడక్కుండా యాల ముట్టుకుంటారు?" అంది మా ఆవిడ గుమ్మంలో నుంచి.

"పాడు చేయడం లేదు, బాగు చేస్తాండా" అన్నాను.

నిజంగా బాగు చేశాను. పాత ద్రవం పారబోసి, చక్రాన్ని మెత్తని కుంచెతో కడిగి, గాజు చుట్టూ కొత్త రబ్బరు పెట్టి, మర కింద కొత్త వాషరు వేసి, తేటగా స్పిరిటూ, బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్ళూ కలిపి అంచుల దాకా నింపాను. బుడగ అన్నది లేదు. తలకిందులుగా పెట్టి, కింద కాగితం పరిచి చూశాను. కాగితం పొడిగా ఉంది. నా జన్మలో అంత మంచి పని చేయలేదని మురిసిపోయాను.

ఉగాది దాటాక వాళ్ళు తిరిగి వచ్చారు. వంటకని పోయినామె మిరపకాయలు కూడా కోసిందట, ఆ ఘాటుకు చేతులు ఎర్రబడి, తోలు ఊడిపోయి ఉన్నాయి. పెట్టె గుడ్డ విప్పి చూసింది.

"మా నాయన తలంటి పోసుకున్నట్లుండాడు" అంది. గాజును దగ్గరగా చూసి, "దప్పిక యాడ పోయెప్పా?" అని అడిగింది.

"నిండా పోసినానవ్వా."

ఆమె ముఖం విప్పారింది. "నీ చేతిది గూడా తాగినాడు. అంటే నిన్ను ఇంట్లోవానిగా జూసినాడు" అంది. అక్కడ నేను వాషరు సంగతి చెప్పవలసింది. ఆ మాట విన్నాక ఎవరికి వాషరు గుర్తుంటుంది? ఇంట్లోవాణ్ణి అనిపించుకుని పొంగిపోతూ ఇంటికి వచ్చాను. పెట్టె పోయిన ఖాళీ కూడా అంతగా బాధించలేదు.

పెద్దల అమావాస్యకు నన్ను రమ్మని కబురు చేసింది. పరాయివాళ్ళను పిలిచే పండగ కాదది. మా ఆవిడ కొత్త తువ్వాలు ఒకటి ఇచ్చి పంపింది, పెద్దాయన ముందు పెట్టమని. గూటి ముందు అలికి ముగ్గు వేశారు. ఆకులో కొర్రన్నం, మాంసం, ఓళిగలు, పక్కన బీడీ కట్ట, బ్రాందీ సీసా. వాకిలి లోంచి పడే వెలుతురులో ఆమె పెట్టెను ఒళ్ళో పెట్టుకుని గుడ్డ విప్పింది. కొంగుతో గాజు తుడిచింది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని అటు వంచింది, ఇటు వంచింది.

"నాకు సరిగ్గా అగుపిచ్చల్యా. దప్పిక యాడుందో నువ్వు జూడప్పా" అని కొడుకుకు ఇచ్చింది.

అతను చూశాడు. "లేదు మా" అన్నాడు.

"సరిగ్గా జూడు."

"లేదు మా, నిండుగుంది."

ఆమె పెట్టె లాక్కుని గిన్నెను పక్కకు తిప్పి, నాణెంతో మర విప్పి, సీసా వంచింది. పోసింది పోసినట్టే ఆమె వేళ్ళ మీదుగా పొర్లి అలికిన నేల మీద పడింది. కాసేపు ఆగి మళ్ళీ పోసింది. మళ్ళీ పొర్లింది. మిరప కోతల్లో చిట్లి ఇన్ని నెలలకూ పూర్తిగా మానని వేళ్ళు, బ్రాందీ తగిలి మండి ఉంటాయి. ఆమెకు అదేమీ తెలియలేదు.

"తాత అలిగినాడేమో. పరాయింట్లో పెట్టి సుగ్గికి పోతిమి" అంది కోడలు మెల్లగా.

ఆమె గిన్నె వైపు వంగి, "తాగవా నాయనా? నామీద కోపమొచ్చెనా?" అని అడిగింది. ఎనభై ఏళ్ళ మనిషి గొంతు కాదది. గడప దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడ్డ పిల్ల గొంతు.

నేను తట్టుకోలేకపోయాను. ఆమె తప్పు లేదని, ఆయన అలగలేదని చెప్పాలన్న ఆత్రం ఒకటే ఉంది నాలో.

"అవ్వా, ఆయనకేం కోపం లేదు. నేను వాషరు మార్చినా. పాతది చిట్లిపోయి కారతాండె. కొంచెం కొంచెం కారి, ఆవిరైపోతాండె. ఇప్పుడు కారదు. అందుకే తగ్గలేదు. అంతే అవ్వా, ఇంకేం లేదు."

అందరికీ అర్థమైందని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఆమె తల ఎత్తి నన్నే చూస్తోంది.

"అయితే ఇన్నేండ్లూ కారిపోయిందా అప్పా?"

అప్పుడు తెలిసింది నేనేం చెప్పానో.  కొడుకు నేల వైపు చూస్తున్నాడు. కోడలు లేచి లోపలికి పోయింది.

"ఒగ గుక్క గూడా తాగలేదా?"

 ఆమె మర బిగించి, పొర్లిన చోట కొంగుతో ఒత్తి, పెట్టెను గుడ్డలో చుట్టింది. చుట్టడంలో ఎప్పటి శ్రద్ధా అలాగే ఉంది. ఆ తర్వాత నాకు ఆకు వేసింది. ఆ రోజు తినకుండా లేస్తే పెద్దల్ని అవమానించినట్టు కాబట్టి తిన్నాను. ఏం తిన్నానో తెలియదు.

తిరిగి వచ్చే దారిలో గోనెగండ్ల దాటాక బండి ఆపి, చేను గట్టు మీద కూర్చున్నాను. చెప్పగలిగిన మాటలన్నీ అప్పుడు వచ్చాయి. "నిన్ననే వచ్చి నేను పోసిపోయినానవ్వా" అంటే సరిపోయేది. "సుగ్గి నుంచి నువ్వు క్షేమంగా వచ్చినావని కడుపు నిండి ఉంటాది" అన్నా సరిపోయేది. అంగట్లో కూర్చుంటే రోజుకు ఎన్ని అబద్ధాలు చెబుతాను, ఈ బేరింగు మూడేళ్ళు వస్తుందని, ఆ సీలు కంపెనీదేనని. కావలసిన చోట ఒక్కటి రాలేదు. నిజం మాత్రం దండిగా వచ్చింది. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. "ఆ యమ్మకు బువ్వ దిగిందో లేదో" అని మాత్రం అంది.

దీపావళి అయ్యాక ఆమె కొడుకు అంగడికి వచ్చాడు. చేతిలో పెట్టె ఉంది. మళ్ళీ సుగ్గికి పోతున్నారేమో అనుకుని, "ఎన్నాళ్ళప్పా?" అని అడిగాను.

"ఎత్తిపెట్టేకి కాదన్నా. నిన్నే ఉంచుకోమనింది."

ఏమి ఇవ్వబోయినా తీసుకోలేదు. అమ్మ ఒప్పుకోదన్నాడు.

ఇప్పుడది నా గాజు అలమారలో ఉంది. ఇలాంటివే పోగు చేసే పెద్దమనిషి ఒకాయన ఈ మధ్య హైదరాబాదు నుంచి వచ్చి చూశాడు. మిగతావాటి ముందు పెద్దగా ఆగలేదు. దీని ముందు మాత్రం కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళ దిక్సూచిలో బుడగ లేకపోవడం తానెక్కడా చూడలేదని, బాగు చేసిన చెయ్యి ఎవరిదో గానీ దండం పెట్టాలని అన్నాడు. మా ఆవిడ ఆయనకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఓడల గురించి ఎప్పుడూ అనే మాట ఆ రోజు అనలేదు.

నేను ఎన్నో ఏళ్ళు కోరుకున్నది నాకు దక్కింది. నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచిది అదే. నేను చూడలేనిదీ అదొక్కటే. మిగతావాటిని వారానికోసారి తుడుస్తాను. దాన్ని మా ఆవిడ తుడుస్తుంది.

అది నా చేతికి వచ్చిన మర్నాడు ఆ పల్లెకు పోయిన సంగతి ఆ పెద్దమనిషికి చెప్పలేదు. పోగు చేసే అలవాటున్నవాడు ఏదీ పారేయడు. ఆ చిట్లిన తోలు వాషరు కూడా నా దగ్గర ఉంది. దాన్నీ, పెట్టెనూ పట్టుకుని పోయాను. ఆమె వాకిట్లో కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. పెట్టెను చూసి ముఖం తిప్పుకోలేదు, చేతికి తీసుకోనూ లేదు.

"అవ్వా, నేను వేసింది తీసేస్తా. పాత వాషరే మళ్ళీ వేస్తా. మళ్ళీ ఎప్పటి మాదిరే తగ్గుతాది" అన్నాను.

"తగ్గుతాది" అంది. ఒలిచిన గింజల్ని చాటలోకి తోసింది. "కారి తగ్గుతాది. అది నాకు తెల్సిపాయె గదప్పా."

"నేను చెప్పింది తప్పు కావచ్చవ్వా. నాకేం తెల్సు."

ఆమె నా వైపు జాలిగా చూసింది. నన్ను ఓదార్చడానికన్నట్టు, "నువ్వు మంచికే జేసినావులే. కారేదని తెల్సినాక నాయనకని ఎట్ల పోసేది? చెయ్యి రాదు" అంది. తర్వాత, పెట్టెను ఎండ తగిలేచోట పెట్టవద్దని, పైన బరువులు పెట్టవద్దని చెప్పింది. మాట్లాడుతూనే లేచి లోపలికి పోయి, చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

 వద్దనకుండా చెంబు ఎత్తుకున్నాను. ఆమె మళ్ళీ కాయల దగ్గరికి పోలేదు. ఎదురుగా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని, నేను మింగుతుంటే నా గొంతు వైపే చూస్తోంది. గుక్క గుక్కకూ గొంతు కదలడం చూస్తోంది. చెంబు ఖాళీ అయ్యేదాకా చూపు తిప్పలేదు.

"ఇంగ రోంత పోసేదా అప్పా?" అంది.

"పొయ్యవ్వా" అన్నాను.